తల్లిదండ్రులు దోషులా, తోడివారా?
ఆటిజంపై మూడు గ్రంథాలు – ఒక విమర్శ

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని మన పెద్దలు అంటారు. నడవడి విషయంలో ఈ సామెతలో కొంత నిజం లేకపోలేదు. కాని పుట్టుకతోనే మెదడు పెరుగుదలలో వచ్చిన భేదానికి కూడా దీనినే అన్వయిస్తే అది లోకజ్ఞానం కాదు, అన్యాయం. మూడేళ్ళు నిండినా మాట రాని బిడ్డను చంకనెత్తుకొని వైద్యుని వద్దకు బయలుదేరిన తల్లి, వైద్యుని మాట వినడానికి ముందే ఇరుగుపొరుగుల తీర్పు విని ఉంటుంది. "నువ్వు బిడ్డతో సరిగా మాట్లాడవు, అందుకే వాడికి మాట రాలేదు" అన్నదే ఆ తీర్పు. ఇరుగుపొరుగువారు ఈ మాట అనడం వింత కాదు. ఒకప్పుడు విశ్వవిద్యాలయాలలోని పండితులే ఈ మాటకు శాస్త్రమని పేరుపెట్టి గ్రంథాలు వ్రాయడం వింత.

అటువంటి గ్రంథం ఒకటి, దానికి ఎదురు నిలిచిన గ్రంథాలు రెండు ఇక్కడ పరిశీలిద్దాం. మూడూ అమెరికాలో 1964, 1967 సంవత్సరాలలో వెలువడినవి. అవి పాతవే అయినా, వాటి మధ్య జరిగిన వాదం మన ఇళ్ళలో, మన పాఠశాలలలో ఇంకా ముగియలేదు. అందుచేత ఉపాధ్యాయులు, విద్యార్థులు దీనిని తెలుసుకోవడం అవసరం.

ముందుగా ఆటిజం అంటే ఏమిటో రెండు మాటలు. 'ఆటోస్' అనే గ్రీకు పదానికి 'తాను' అని అర్థం. తనలో తానే ఉన్నట్లు కనిపించే పిల్లల స్థితికి ఈ పేరు వచ్చినది. ఇతరులతో కలవడంలోను, సంభాషించడంలోను వీరికి ఇబ్బంది ఉంటుంది. ఒకే పనిని, ఒకే మాటను మళ్ళీ మళ్ళీ చేయడం, అలవాటైన క్రమం మారితే తల్లడిల్లడం, కొన్ని శబ్దాలకు గాని, వెలుతురుకు గాని, స్పర్శకు గాని చెవులు, కళ్ళు మూసుకొనేటంత బాధపడడం కూడా ఇందులోని లక్షణాలే. అందరిలోను ఇది ఒకే మోతాదులో ఉండదు. ఒకరు జీవితాంతం మాట లేకుండా ఉండవచ్చు. మరొకరు గణితంలో తరగతికే మొదటివారు కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నది. అంటే ఒక మాదిరి ఉన్నత పాఠశాలలో ఇద్దరు ముగ్గురు విద్యార్థులైనా ఉండవచ్చునన్నమాట.

దీనిని ప్రత్యేకమైన స్థితిగా మొదట వివరంగా వర్ణించినవారిలో ముఖ్యుడు లియో కానర్. ఆయన అమెరికాలోని బాల్టిమోరు నగరంలో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యాలయంలో పిల్లల మానసిక వైద్యులుగా ఉండేవారు. 1943లో పదకొండుగురు పిల్లల వృత్తాంతాలతో ఒక వ్యాసం ప్రకటించినారు. వారిలో మొదటి బాలుడు మిసిసిపీ రాష్ట్రం నుండి వచ్చినవాడు. అతనిని పరీక్షకు తీసుకొని రాకముందే, అతని తండ్రి కొడుకు ప్రవర్తనను గురించి 33 పుటల లేఖ పంపినారు. ఆ లేఖలోని పరిశీలనలు కానర్ వ్యాసానికి ఎంతో ఆధారమైనవి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆటిజం శాస్త్రానికి మొదటి సాక్ష్యం ఇచ్చినది ఒక తండ్రి. ఆ శాస్త్రమే తరువాత కొంతకాలం తల్లిదండ్రులను ముద్దాయిల బోనులో నిలబెట్టినది.

కానర్ మాటలోనే ఈ రెండు దారులూ ఉన్నవి. వ్యాసం చివర ఈ పిల్లల స్థితి పుట్టుకతో వచ్చినదేనని ఆయన అన్నారు. కాని ఆ తల్లిదండ్రులలో ఆప్యాయత గలవారు బహు కొద్దిమంది అని కూడా అన్నారు. 1949లో మరొక వ్యాసంలో, ఈ పిల్లలు మంచు కరగని రిఫ్రిజిరేటరులో పెట్టినట్లు పెరిగినారన్న పోలిక తెచ్చినారు. ఈ పోలిక నుండే 'రిఫ్రిజిరేటరు తల్లి' అన్న నింద పుట్టి లోకమంతా ప్రాకినది. ఒక ఉపమానం ఎంత హాని చేయగలదో తెలుసుకోవడానికి ఇంతకన్న వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఆ ఉపమానాన్ని పూర్తి సిద్ధాంతంగా కట్టినది మొదటి గ్రంథం. దాని పేరు 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్', అనగా 'శూన్య దుర్గం'. 1967లో వెలువడినది. గ్రంథకర్త బ్రూనో బెటల్‌హైమ్. ఆయన వియన్నాలో పుట్టి, 1938–39లలో నాజీల నిర్బంధ శిబిరాలైన డాఖౌ, బూఖెన్‌వాల్డ్‌లలో బాధలు అనుభవించి, 1939లో అమెరికా చేరినారు. తరువాత షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థోజెనిక్ పాఠశాలను 1944 నుండి 1973 వరకు నడిపినారు.

ఆయన వాదం ఇది. నిర్బంధ శిబిరంలో కొందరు ఖైదీలు ఆశ వదులుకొని, కన్నెత్తి చూడక, మాట్లాడక, తమలో తాము ముడుచుకొనిపోవడం ఆయన కళ్ళారా చూసినారు. ఆటిజం గల పిల్లలు కూడా అలాగే కనిపించినారు. కనుక ఈ పిల్లలు కూడా ఏదో ప్రాణభయం వలననే ముడుచుకొని ఉండాలి. పసిబిడ్డకు ప్రాణభయం ఎవరి వలన కలుగుతుంది? తనను పెంచేవారి వలననే. బిడ్డ లేకుంటే బాగుండునన్న తల్లిదండ్రుల కోరికే ఆటిజాన్ని ప్రేరేపిస్తుందని ఆయన తేల్చినారు. కనుక చికిత్సలో మొదటి మెట్టు బిడ్డను ఇంటి నుండి వేరుచేసి పాఠశాలలో ఉంచడం.

ఈ గ్రంథంలో గుణాలు లేవనలేము. ఇటువంటి పిల్లలను పనికిరానివారని గదులలో బంధించి ఉంచే రోజులలో, వీరి చేష్టలకు కూడా ఒక అర్థం ఉన్నదని, ఓపికతో గమనించాలని ఆయన చెప్పినారు. తనను తాను యంత్రమనుకొనే జోయీ అనే బాలుని కథను చదివినవారు తొందరగా మరచిపోలేరు. రచనలో ఆకర్షణ ఉన్నది. ఆ ఆకర్షణే ప్రమాదమైనది. కథ బాగున్నదన్నంత మాత్రాన కారణం నిరూపించబడినట్లు కాదు గదా!

విజ్ఞాన శాస్త్ర విద్యార్థి ఇక్కడ మూడు ప్రశ్నలు వేయాలి. మొదటిది: పోలిక కారణం అవుతుందా? రెండు దీపాలు ఆరిపోయినవనుకొందాం. ఒకదానిలో నూనె అయిపోయినది, రెండవది గాలికి ఆరినది. చీకటి ఒకటే, కారణాలు వేరు. ఖైదీ మౌనమూ, పసిబిడ్డ మౌనమూ పైకి ఒకే విధంగా ఉన్నా, ఒకే కారణం నుండి వచ్చినవని ఎవరు చెప్పినారు?

రెండవది: ఏది ముందు, ఏది వెనుక? పిలిస్తే పలకని, ఎత్తుకొంటే అంటుకొనని, రాత్రిళ్ళు నిద్రపోని బిడ్డను రెండు మూడేళ్ళు పెంచిన తల్లి అలసి, బెదిరి, మాట తగ్గించి ఉండవచ్చు. ఆ తల్లిని అప్పుడు చూసిన వైద్యుడు ఆమె ముఖంలోని అలసటను బిడ్డ స్థితికి కారణమనుకొంటే, ఫలితాన్నే కారణమని పొరబడినట్లు అవుతుంది.

మూడవది: పోల్చి చూచినారా? ఆటిజం గల బిడ్డల తల్లులనూ, ఇతర తల్లులనూ ఒకే కొలతతో కొలిచి చూడాలి. తన పాఠశాలలో చికిత్స పొందిన పిల్లలనూ, పొందని పిల్లలనూ పోల్చి చూడాలి. 'శూన్య దుర్గం'లో ఈ రెండూ లేవు. తన వద్ద ఉన్న పిల్లలలో ఐదింట నాలుగు వంతుల మంది మెరుగుపడినారని గ్రంథకర్త చెప్పినారు. కాని ఎవరికి ఆటిజం ఉన్నదో నిర్ణయించినది ఆయనే. ఎవరు మెరుగుపడినారో నిర్ణయించినదీ ఆయనే. పరీక్ష పెట్టినవాడే జవాబులు వ్రాసి, తానే మార్కులు వేసుకొంటే ఏ ఉపాధ్యాయుడు ఒప్పుకొంటాడు? పైగా తల్లి ప్రేమ చూపితే అది నటన, చూపకపోతే అది కాఠిన్యం అన్న పద్ధతిలో వాదం సాగినప్పుడు, ఆ వాదాన్ని తప్పని చూపగల సాక్ష్యమే ఉండదు. తప్పని చూపడానికి దారి లేని మాటను శాస్త్రం అనరాదు.

ఇక రెండవ గ్రంథం దీనికన్న మూడేళ్ళు ముందే, 1964లో వచ్చినది. పేరు 'ఇన్‌ఫంటైల్ ఆటిజం'. గ్రంథకర్త బెర్నార్డ్ రిమ్‌లాండ్ శాన్ డియెగోలో అమెరికా నౌకాదళంలో పనిచేసే మనస్తత్వ శాస్త్రజ్ఞులు. ఆయన కుమారునికి ఆటిజం ఉన్నది. అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ వెదకి చదివి, తల్లిదండ్రుల ప్రవర్తనే కారణమన్న వాదానికి సాక్ష్యం లేదని ఆయన చూపినారు. ఆయన వేసిన ప్రశ్నలు సరళమైనవి. అదే తల్లి పెంచిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు మామూలుగా ఎందుకున్నారు? ఆడపిల్లలకన్న మగపిల్లలలో ఇది మూడు నాలుగు రెట్లు ఎక్కువగా ఎందుకు కనిపిస్తున్నది? పుట్టిన నాటి నుండే తేడా కనిపించే పిల్లలున్నప్పుడు పెంపకాన్ని నిందించడం ఎట్లా? దీని మూలం మెదడు నిర్మాణంలో వెదకాలన్నది ఆయన నిర్ణయం. ఆ గ్రంథానికి కానర్ స్వయంగా ముందుమాట వ్రాసినారు.

పుస్తకం చివర ఒక ప్రశ్నావళి ఉన్నది. ఎందరో తల్లిదండ్రులు దానిని నింపి గ్రంథకర్తకు పంపినారు. నిందను మౌనంగా భరిస్తున్నవారు ఒకరినొకరు తెలుసుకొన్నారు. 1965లో అమెరికాలో వారి జాతీయ సంఘం ఏర్పడినది. బ్రిటన్‌లో అటువంటి సంఘాన్ని తల్లిదండ్రులు 1962లోనే స్థాపించినారు. ఈనాడు మనకు తెలిసిన ప్రత్యేక పాఠశాలలు, శిక్షణ కేంద్రాలు, చట్టాలు చాలవరకు ఇటువంటి సంఘాల ప్రయత్న ఫలాలే.

అయితే రిమ్‌లాండ్‌ను కూడా పరీక్షించకుండా వదలరాదు. తరువాతి కాలంలో ఆయన అధిక మోతాదు విటమినులను సమర్థించినారు. టీకాలు ఆటిజానికి కారణమన్న వాదం వైపు కూడా మొగ్గినారు. వీటికి సరైన సాక్ష్యం లేదు. టీకాల వాదానికి ప్రాణం పోసిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకొన్నది. తల్లిదండ్రులను నింద నుండి విడిపించినంత మాత్రాన, తల్లిదండ్రులు నమ్మినదంతా నిజం కాదు. సాక్ష్యం అనే త్రాసు అందరికీ ఒకటే.

మూడవ గ్రంథం 'ది సీజ్', అనగా 'ముట్టడి'. ఇదీ 1967లోనే వెలువడినది. రచయిత్రి క్లారా క్లైబోర్న్ పార్క్ ఆంగ్ల సాహిత్యం బోధించే ఉపాధ్యాయిని. తన నాలుగవ బిడ్డ మొదటి ఎనిమిదేళ్ళ కథను ఇందులో చెప్పినారు. పుస్తకంలో ఆ పాప పేరు ఎల్లీ.

రెండు పుస్తకాల పేర్లు చూడండి. ఒకరికి దుర్గం, మరొకరికి ముట్టడి. ఉపమానం ఒకటే, అర్థం వేరు. బెటల్‌హైమ్ దృష్టిలో బిడ్డ కోట కట్టుకొన్నది తల్లిదండ్రుల నుండి తప్పించుకోవడానికి. పార్క్ దృష్టిలో ఆ గోడలు ఎవరు కట్టినారో తెలియదు. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, తల్లి గోడ బయట కూర్చొని, లోపలి బిడ్డను బయటికి పిలిచే ఉపాయాలు ఒక్కొక్కటే ప్రయత్నిస్తుంది. మొదటి గ్రంథంలో జవాబు ముందే సిద్ధంగా ఉన్నది; మూడవ గ్రంథంలో ప్రశ్న మాత్రమే ఉన్నది. ఈ రెండింటిలో శాస్త్ర దృష్టి ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

పార్క్ పరిశీలన ఎంత సూక్ష్మమైనదో ఒక ఉదాహరణ. ఎల్లీ కుళాయి తిప్పేది కాదు. చేతిలో బలం లేనట్లు వదిలివేసేది. తల్లి తన చేతిని పాప చేతిపై వేసి కుళాయి తిప్పుతుంది. రోజులు గడిచేకొద్దీ తన బలాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది. చివరకు తిప్పుతున్నది పాపే. ఈనాటి శిక్షకులు కూడా పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, సహాయాన్ని క్రమంగా తగ్గించే పద్ధతినే అనుసరిస్తారు. ఆ తల్లి దీనిని ఏ కళాశాలలోను నేర్చుకోలేదు. బిడ్డను చూసి నేర్చుకొన్నది. నిపుణులలో ఆమెకు రెండు రకాలవారు తారసపడినారు. కొందరు ఆమె చెప్పినదంతా వ్రాసుకొని, తిరిగి ఏమీ చెప్పకుండా పంపివేసినారు. ఇంగ్లండులో మరికొందరు ఆమెను తోడి పనివానివలె ఆదరించినారు. నిపుణుని గౌరవం తల్లికి ఎంత బలమో ఆ అధ్యాయాలు చదివితే తెలుస్తుంది.

ఈ గ్రంథంలోనూ లోపాలున్నవి. రచయిత్రి చదువుకొన్నవారు, భర్త భౌతిక శాస్త్ర ఆచార్యులు, ఇంట్లో పెద్ద పిల్లలు ముగ్గురు సహాయానికి ఉన్నారు. కూలికి వెళ్ళితేగాని పూట గడవని తల్లికి ఆ తీరిక ఎక్కడిది? కనుక ఈ పుస్తకాన్ని చదివి, "ఆమె చేయగలిగినప్పుడు నువ్వెందుకు చేయలేవు?" అని మరొక తల్లిని అడిగితే, పాత నిందే కొత్త వేషంలో వచ్చినట్లు అవుతుంది. మరొక లోపం ఆ ఉపమానంలోనే ఉన్నది. ఆటిజం గోడ అయితే, దాని వెనుక మామూలు బిడ్డ ఎవరో దాగి ఉన్నారన్న భ్రమ కలుగుతుంది. 1993లో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం గల వ్యక్తి తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక వ్యాసంలో ఈ భ్రమను ఖండించినారు. ఆటిజం వెనుక దాగిన వేరే మనిషి లేడని, ఉన్న బిడ్డను ఉన్నట్లే తెలుసుకొమ్మని ఆ వ్యాసం వాదం.

కాలం ఏ తీర్పు చెప్పినది? 1969లో కానర్ తల్లిదండ్రుల సంఘ సభలో నిలబడి, వారు నిర్దోషులని బహిరంగంగా ప్రకటించినారు. 1977లో బ్రిటన్‌లో ఫోల్‌స్టైన్, రట్టర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 21 జతల కవలలను పరిశీలించినారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జతలలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేర్వేరు అండాల నుండి పుట్టిన 10 జతలలో ఒక్క జతలోను ఇద్దరికీ లేదు. పెంపకం ఉభయత్రా ఒకే ఇంటిలోనిదే; తేడా వారసత్వంలో ఉన్నది. తరువాతి పెద్ద పరిశోధనలు కూడా జన్యువుల పాత్ర చాలా ఎక్కువని ధ్రువపరచినవి. 'రిఫ్రిజిరేటరు తల్లి' సిద్ధాంతాన్ని ఈనాడు శాస్త్రం పూర్తిగా త్రోసివేసినది.

కాని శాస్త్రం త్రోసివేసిన మాట సమాజం నోటి నుండి అంత త్వరగా పోదు. మన తెలుగుదేశంలో ఇప్పుడు రిఫ్రిజిరేటరు బదులు సెల్‌ఫోను వచ్చినది. "తల్లి ఉద్యోగానికి వెళ్ళి బిడ్డకు ఫోను ఇచ్చింది, అందుకే ఆటిజం వచ్చింది" అనేవారు ఎందరో ఉన్నారు. పసిపిల్లలకు ఫోను అతిగా ఇవ్వడం మంచిది కాదన్నది నిజమే. కాని దానినే ఆటిజానికి కారణమని తేల్చడం, ఫలితాన్ని కారణంగా పొరబడిన పాత తర్కమే. ఇతర పిల్లలతో ఆడుకోలేని బిడ్డే ఫోను వైపు ఎక్కువగా మొగ్గుతుండవచ్చు గదా! ఈ నింద వలన నష్టం కేవలం మనసుకు కాదు. తప్పు తనదే అనుకొన్న తల్లి సిగ్గుతో బిడ్డను దాచుకొంటుంది. సహాయం దొరకవలసిన తొలి సంవత్సరాలు గడచిపోతాయి. లేకపోతే, నయం చేస్తామని ప్రకటించే ప్రతివారి గడపా ఎక్కి ఆస్తి పోగొట్టుకొంటుంది. మూలకణాల చికిత్స పేరుతో లక్షలు వసూలుచేసే చోట్లున్నవి. అనుమతి పొందిన పరిశోధనలలో తప్ప, ఆటిజం వంటి స్థితులకు మూలకణాలను చికిత్సగా అమ్మడానికి భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు అంగీకరించవు.

మరి తల్లిదండ్రులు వెళ్ళవలసిన చోట్లు ఏవి? ఇది ఉపాధ్యాయులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద జిల్లా కేంద్రాలలో డీఈఐసీ అనే తొలి పరీక్షా చికిత్సా కేంద్రాలు ఏర్పడినవి. మండలాలలో భవిత కేంద్రాలున్నవి. సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది; దాని నేటి పేరు జాతీయ బౌద్ధిక దివ్యాంగజన సాధికారత సంస్థ. మన దేశపు పిల్లలలో ఆటిజాన్ని కొలవడానికి 40 అంశాల భారతీయ కొలమానం తయారైనది అక్కడే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్నదని ధ్రువపత్రం పొందిన పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కుగా లభిస్తుంది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం క్రింద నడిచే 'నిరామయ' పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉన్నది. ఢిల్లీలో 'యాక్షన్ ఫర్ ఆటిజం' అనే సంస్థను 1991లో ప్రారంభించినది కూడా ఒక తల్లే. ఆమె పేరు మెర్రీ బారువా.

తల్లిదండ్రులను తోడివారిగా చేసుకొంటే ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు కూడా పరీక్ష జరిగినది. మన గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలపై జరిపిన పరిశోధన 2016లో ప్రకటితమైనది. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది, బిడ్డ సంకేతాలను గమనించి బదులివ్వడం తల్లిదండ్రులకు నేర్పినారు. అది పొందని కుటుంబాలతో పోల్చి చూచినారు. నేర్చుకొన్న తల్లిదండ్రుల పిల్లలు తామే ముందుగా పలకరించడం పెరిగినది. అన్ని కొలతలలోను లాభం కనిపించలేదు. ఇద్దరూ కలిసి ఒకే వస్తువుపై దృష్టి నిలిపే సమయం పెరగలేదు. ఆ మాట కూడా పరిశోధకులు దాచలేదు. 'శూన్య దుర్గం'లో లేని నిజాయితీ ఇదే.

ఇక్కడ ఒక అపార్థం కలుగకూడదు. తల్లిదండ్రులు సహాయం చేయగలరంటే, వారే కారణమని అర్థం కాదు. కాలు విరిగిన బిడ్డను నడిపించే తల్లి ఆ కాలు విరిచినది కాదు గదా!

మన పాఠశాలకు ఇటువంటి బిడ్డను తీసుకొని ఒక తల్లి వచ్చినప్పుడు, ఉపాధ్యాయుడు "ఇంట్లో ఎలా పెంచినారు?" అని అడుగవచ్చు; లేదా "మీ బిడ్డను గురించి మీకు తెలిసినది మాకు చెప్పండి" అని అడుగవచ్చు. మొదటి ప్రశ్న బెటల్‌హైమ్ గ్రంథం నుండి వచ్చినది. రెండవ ప్రశ్నకు జవాబుగా ఒకనాడు ఒక తండ్రి 33 పుటలు వ్రాసి పంపినాడు. దాని నుండి ఒక శాస్త్రమే ఆరంభమైనది. ఏ ప్రశ్న అడగాలో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పవలసిన పనిలేదు.